మ్యాజిక్ కీ కొన్నాక అసలు పని: డిస్నీల్యాండ్ వార్షిక పాస్‌తో రిజర్వేషన్లు చేసుకునే తీరు

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఉన్న డిస్నీల్యాండ్ రిసార్ట్ తన వార్షిక పాస్‌ను మ్యాజిక్ కీ అని పిలుస్తుంది. పేరులో తాళంచెవి ఉన్నా, ఆ పాస్ ఒక్కదానితో గేటు తెరుచుకోదు. వెళ్లే ప్రతిసారీ తేదీ, పార్కు ఎంచుకుని ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి. అది లేకుండా వెళితే ఎంత ఖరీదైన పాసైనా గేటు దగ్గర్నుంచి వెనక్కి రావాల్సిందే.

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలిస్తే నియమాలు సులువుగా అర్థమవుతాయి. 2020 మార్చి 14న మూతపడిన డిస్నీల్యాండ్ మళ్లీ తెరుచుకున్నది 2021 ఏప్రిల్ 30న. ఆ మధ్యలో, 2021 జనవరిలో, పాత వార్షిక పాస్‌పోర్ట్ పథకాన్ని పూర్తిగా రద్దు చేశారు. పాత పాస్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది, తమ పాస్‌కు నిషేధం లేని ఏ రోజైనా అప్పటికప్పుడు అనుకుని వెళ్లిపోయేవారు. ఏ రోజు ఎంతమంది పాస్‌దారులు వస్తారో పార్కుకు ముందుగా తెలిసేది కాదు. 2021 ఆగస్టు 25న అమ్మకానికి వచ్చిన మ్యాజిక్ కీ ఆ లెక్కను తిరగేసింది. ఏ రోజుకు ఎన్ని స్థానాలు ఇవ్వాలో ఇప్పుడు పార్కే ముందుగా నిర్ణయిస్తుంది. మీరు కొన్నది ఆ స్థానాల కోసం అడిగే హక్కు. ఈ ఒక్క మాట గుర్తుంటే, కింద చెప్పబోయే ప్రతి అడుగు ఎందుకో దానంతటదే తెలుస్తుంది.

ముందుగా ఐదు మాటలు

బ్లాకౌట్ తేదీ: మీ రకం పాస్‌కు అసలు ప్రవేశమే లేని రోజు. క్రిస్మస్ వారం, రద్దీగా ఉండే శనివారాలు లాంటివి. పాస్ చవకయ్యేకొద్దీ ఈ జాబితా పెరుగుతుంది.

కోటా: బ్లాకౌట్ లేని రోజున కూడా పాస్‌దారులకు కేటాయించిన స్థానాలు ఇన్నే అని ఉంటుంది. ఒకరోజు టికెట్ కొన్నవాళ్లకూ రిజర్వేషన్ ఉంటుంది కానీ వాళ్ల క్యాలెండర్ వేరు. అందుకే టికెట్ల క్యాలెండర్‌లో ఖాళీ కనిపించిన రోజున మీ క్యాలెండర్ నిండిపోయి ఉండొచ్చు.

విండో: ఇవాళ్టి నుంచి ఎన్ని రోజుల ముందు దాకా బుక్ చేయవచ్చో ఆ వ్యవధి. మ్యాజిక్ కీకి ఇది 90 రోజులు. రోజు గడిచేకొద్దీ అవతలి చివర ఒక కొత్త తేదీ చేరుతుంది.

హోల్డ్: ఒకే సమయంలో మీ పేరు మీద ఉండగల రిజర్వేషన్ల సంఖ్య. 2021లో పథకం మొదలైనప్పుడు ఉన్న నాలుగు రకాల పాస్‌లలో డ్రీమ్, బిలీవ్ కీలకు ఆరేసి, ఎన్‌చాంట్‌కు నాలుగు, ఇమాజిన్‌కు రెండు. ఒక రిజర్వేషన్ వాడుకున్నాక గానీ, రద్దు చేసుకున్నాక గానీ ఆ హోల్డ్ ఖాళీ అవుతుంది.

నో-షో: రిజర్వేషన్ ఉంచుకుని, రద్దు చేయకుండా, రాకపోవడం. దీనికి శిక్ష ఉంది. ఆ వివరం తర్వాత వస్తుంది.

వీటిలో ఎక్కువమంది తడబడేది మొదటి రెండింటి మధ్య తేడా దగ్గర. ‘బ్లాకౌట్ లేదు’ అంటే ‘ఎప్పుడైనా వెళ్లొచ్చు’ అని అర్థం కాదు. ఈ తేడా కోర్టు దాకా కూడా వెళ్లింది. 1,399 డాలర్ల డ్రీమ్ కీని బ్లాకౌట్ తేదీలు లేని పాస్‌గా అమ్మారు. తీరా బుక్ చేయబోతే పాస్‌దారుల కోటా నిండిపోయిన రోజులు ఎదురయ్యాయి. 2021లోనే దావా పడింది. 2023లో 95 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. లక్షకు పైగా ఉన్న డ్రీమ్ కీదారులకు తలా సుమారు 67 డాలర్లు లెక్క తేలింది. డ్రీమ్ కీ అమ్మకం 2021 అక్టోబరులోనే ఆగిపోయింది. 2022 ఆగస్టులో దాని స్థానంలో వచ్చిన ఇన్‌స్పైర్ కీకి 1,599 డాలర్ల ధరతో పాటు, డిసెంబరు 21 నుంచి జనవరి 1 దాకా బ్లాకౌట్ కూడా పెట్టారు.

అడుగు 1: పాస్ రకాన్ని ధరతో కాదు, మీ క్యాలెండర్‌తో ఎంచుకోండి

మొదటి విడత ధరలు చూస్తే మెట్లు ఎలా పేర్చారో తెలుస్తుంది: డ్రీమ్ 1,399, బిలీవ్ 949, ఎన్‌చాంట్ 649, ఇమాజిన్ 399 డాలర్లు. ఆ తర్వాత ధరలు పెరిగాయి, పేర్లు మారాయి, కొన్ని రకాలు కొన్నాళ్లు అమ్మకంలో లేకుండా పోయాయి. కాబట్టి కొనే రోజున అధికారిక సైట్‌లో ఉన్న పట్టికే ప్రమాణం. ఇమాజిన్ కీ దక్షిణ కాలిఫోర్నియా వాసులకు మాత్రమే. 90000 నుంచి 93599 మధ్య జిప్ కోడ్ ఉన్న చిరునామా చూపాలి.

కాగితం తీసుకుని ఇలా చేయండి.

1. రాబోయే 12 నెలల్లో మీరు నిజంగా వెళ్లగల రోజులు రాయండి. వెళ్లాలని ఉన్న రోజులు వేరు, సెలవు, బడి, ప్రయాణం అన్నీ కుదిరి వెళ్లగలిగే రోజులు వేరు. రెండోవే రాయండి.

2. సైట్‌లో ఒక్కో పాస్‌కు బ్లాకౌట్ క్యాలెండర్ ఉంటుంది. మీ జాబితాలోంచి ఆ పాస్‌కు నిషేధమైన తేదీలు కొట్టేయండి.

3. కొనకముందే రిజర్వేషన్ లభ్యత క్యాలెండర్ కూడా చూడండి. లాగిన్ లేకుండానే పాస్ రకాన్ని బట్టి చూపిస్తుంది. రెండు మూడు వారాల పాటు, రోజు మార్చి రోజు, మీకు కావాల్సిన శనివారాలు ఎంత త్వరగా నిండుతున్నాయో గమనించండి. అమ్మకం పేజీ మొత్తం చదివినా తెలియని సంగతి ఇక్కడ తెలుస్తుంది.

4. మిగిలిన రోజుల సంఖ్యతో పాస్ ధరను భాగించండి. ఉదాహరణకు పాస్ 900 డాలర్లు, మీరు వెళ్లే రోజుల్లో ఒకరోజు టికెట్ సగటున 150 డాలర్లు అనుకుంటే, ఆరో సందర్శనతో డబ్బు తిరిగొచ్చినట్టు. కొట్టేయగా మీకు ఎనిమిది రోజులు మిగిలితే కొనవచ్చు. ఐదే మిగిలితే, పార్కింగ్, భోజనాల మీద తగ్గింపులు కలిపి చూసినా ఆలోచించాలి.

పార్కింగ్‌ను ఈ లెక్కలో తప్పక కలపండి. పై రకం పాస్‌లో మామూలు పార్కింగ్ ఇమిడి ఉంటుంది, కింది రకాలకు కొంత శాతం తగ్గింపు మాత్రమే. నెలకు రెండుసార్లు సొంత కారులో వెళ్లేవారికి ఈ ఒక్క తేడాతోనే పై మెట్టు గిట్టుబాటు కావచ్చు.

నెలవారీ వాయిదాలు కాలిఫోర్నియా వాసులకే. కొంత మొత్తం ముందు కట్టి, మిగతాది వడ్డీ లేకుండా 12 నెలలు కట్టాలి. ఇది జిమ్ సభ్యత్వం లాంటిది కాదు. నాలుగో నెలలో వెళ్లడం మానేసినా మిగిలిన వాయిదాలు కట్టక తప్పదు.

అడుగు 2: ఖాతా సిద్ధం చేసుకోవడం

పాస్ కొన్న ఇమెయిల్‌తోనే డిస్నీల్యాండ్ యాప్‌లోకి లాగిన్ అవ్వండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వేర్వేరు ఖాతాలు ఉండి, ఒకరి పాస్ ఒకచోట, మరొకరిది ఇంకోచోట ఉంటే రిజర్వేషన్ పేజీలో కొందరి పేర్లు కనిపించవు. బుక్ చేసే బాధ్యత ఒక్కరికి అప్పగించండి. మిగతావాళ్ల పాస్‌లను ఆ ఖాతాలోని కుటుంబం, స్నేహితుల జాబితాకు కలపండి. పాస్ మీద ఉన్న పేరు, ఫొటో గుర్తింపు కార్డు మీద ఉన్న పేరు ఒకటే అయి ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమక మన పేర్లకు సహజం కాబట్టి కొనేటప్పుడే సరిచూసుకోండి. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్టూ అక్కర్లేదు, రిజర్వేషనూ అక్కర్లేదు.

అడుగు 3: మొదటి రిజర్వేషన్

రిజర్వేషన్ పేజీలో ముందు ఎవరెవరు వెళ్తున్నారో ఎంచుకోవాలి, తర్వాత తేదీ, ఆ తర్వాత పార్కు. ఇక్కడ రెండు పార్కులున్నాయి: 1955లో మొదలైన డిస్నీల్యాండ్ పార్క్, 2001లో వచ్చిన డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్. రెండింటి గేట్లు ఎదురెదురుగా, ఒకే ఆవరణలో ఉంటాయి. క్యాలెండర్‌లో ఒక్కో తేదీకి రెండు పార్కులూ దొరుకుతాయా, ఒకటే దొరుకుతుందా, రెండూ నిండాయా అన్నది కనిపిస్తుంది. చివరగా నియమాలకు ఒప్పుకుని ఖాయం చేయాలి. ధ్రువీకరణ పేజీ వచ్చేదాకా స్థానం మీది కాదు. తేదీ ఎంచుకుని, ఇంట్లోవాళ్లను అడిగొద్దామని పేజీని అలా వదిలేస్తే తిరిగొచ్చేసరికి పోయి ఉండొచ్చు.

రిజర్వేషన్‌కు గంట ఉండదు. ఆ రోజు పార్కు తెరిచి ఉన్నంతసేపూ ఎప్పుడైనా వెళ్లొచ్చు. మొదట అడుగు పెట్టాల్సింది మాత్రం రిజర్వ్ చేసిన పార్కులోనే. 2023 ఫిబ్రవరి 4 నుంచి ఉదయం 11 గంటల తర్వాత రెండో పార్కుకు మారే వీలు కల్పించారు. అంతకుముందు అది మధ్యాహ్నం ఒంటిగంట. దీనిలో ఒక పనికొచ్చే కిటుకు ఉంది. డిస్నీల్యాండ్ పార్క్ నిండిపోయి, కాలిఫోర్నియా అడ్వెంచర్ ఖాళీగా ఉంటే, సందేహించకుండా రెండోది బుక్ చేయండి. పొద్దున్నే అక్కడికి వెళ్లి, అక్కడ ఎక్కాల్సినవి ఎక్కి, పార్కు మారే సమయం వచ్చాక ఎదురుగా ఉన్న పార్కులోకి నడవండి. కావాల్సిన పార్కు దొరకలేదని ఆ రోజునే వదులుకోనక్కర్లేదు.

అడుగు 4: హోల్డ్‌లను పొదుపుగా వాడటం

పాస్ ఎంత ఉపయోగపడుతుందన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. దీనికి కొంచెం సమయం పెట్టండి.

కొత్తగా కొన్నవాళ్లు ఉత్సాహంలో మొదటి రోజే హోల్డ్‌లన్నీ నింపేస్తారు. రెండు హోల్డ్‌ల పాస్ తీసుకుందాం. రెండింటినీ 75 రోజుల తర్వాతి సెలవు రోజులకు పెట్టేస్తే, ఆ 75 రోజులూ మీ పాస్ పెట్టెలో పడి ఉన్నట్టే. మధ్యలో ఒక మంగళవారం ఖాళీ దొరికినా, పార్కులో స్థానం ఉన్నా, మీకు హోల్డ్ లేదు. అదే ఒకదాన్ని దూరపు తేదీకి కేటాయించి, రెండోదాన్ని చేతిలో తిప్పుతూ ఉంటే? వెళ్లొచ్చిన వెంటనే వచ్చే వారానికి మళ్లీ బుక్ చేయవచ్చు. ఆ 75 రోజుల్లోనే, ఓపిక ఉంటే, పదిసార్లు వెళ్లే వీలుంది. హోల్డ్‌ల సంఖ్య అంతే, తేడా అంతా ఒక్కో హోల్డ్ ఎన్నాళ్లు ఇరుక్కుపోతోందన్న దానిలో ఉంది.

ఆరు హోల్డ్‌లు ఉన్నవారికి మేం సూచించే పంపకం ఇది. రెండు హోల్డ్‌లు పోటీ ఎక్కువగా ఉండే తేదీలకు: సెప్టెంబరు, అక్టోబరుల్లో హాలోవీన్ వేడుకల శనివారాలు, నవంబరు మధ్య నుంచి క్రిస్మస్ అలంకరణల వారాంతాలు. ఇవి విండో తెరుచుకున్న మొదటి రోజుల్లోనే పట్టుకోవాలి. మరో రెండు, నెలలోపు తప్పక వెళ్లే రోజులకు. ఒకటి ఈ వారానికో వచ్చే వారానికో. ఆరోది ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

ఖాళీ హోల్డ్ ఎందుకంటే, నిండిపోయిన రోజున ఎవరో రద్దు చేసుకుంటే స్థానం కొన్ని నిమిషాలే కనిపిస్తుంది. అప్పుడు మీ హోల్డ్‌లన్నీ నిండి ఉంటే ముందు దేన్నో రద్దు చేయాలి. ఆ గడబిడలో కొత్తది చేజారిందంటే, రద్దు చేసిన పాతదీ పోయినట్టే. యాప్‌లో ఉన్న రిజర్వేషన్‌ను మార్చుకునే అవకాశం కనిపిస్తే, రద్దు చేసి మళ్లీ బుక్ చేయడం కంటే అదే మేలు.

విండోను వెనక నుంచి లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. డిసెంబరు 13న వెళ్లాలంటే, 90 రోజుల వెనక్కి లెక్కిస్తే సెప్టెంబరు 14. ఆ తేదీకి ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, ఆ రోజుకు ఒక హోల్డ్ ఖాళీగా ఉండేలా చూసుకోండి. భోజనాల రిజర్వేషన్ విండో 60 రోజులు. అంటే పార్కు స్థానం ఖాయమయ్యాక నెల రోజులకు రెస్టారెంట్ వంతు వస్తుంది. రెండు గుర్తులూ ఒకేసారి పెట్టేసుకుంటే మరవరు.

అడుగు 5: రోజు నిండిపోయి ఉంటే

నిండిపోయిందని చూపించిన తేదీ మళ్లీ తెరుచుకోవడం చాలా మామూలు. కారణం, రద్దు గడువు ముందురోజు రాత్రి 11:59 దాకా ఉండటమే. శిక్ష తప్పించుకోవడానికి చాలామంది చివరి రెండు మూడు రోజుల్లో, ముఖ్యంగా ముందురోజు సాయంత్రం నుంచి రద్దు చేస్తారు. అందుకే వెతకాల్సిన పద్ధతి ఇది:

- రెండు వారాల ముందు నుంచి ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి.
- ముందురోజు సాయంత్రం ఏడు నుంచి అర్ధరాత్రి దాకా అరగంటకోసారి చూడండి.
- ముగ్గురు నలుగురికి కలిపి వెతికేటప్పుడు, ఒక్కరికి మాత్రమే అని పెట్టి కూడా చూడండి. నలుగురికీ కలిపి అడిగితే, నాలుగు స్థానాలూ ఒకేసారి ఉంటేనే తేదీ కనిపిస్తుంది. ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్న స్థానాలు ఆ వెతుకులాటలో కనిపించనే కనిపించవు.
- రెండు పార్కులకూ వెతకండి. తర్వాత పార్కు మారే వీలు ఉంది కదా.

ఇలా ఒక్కొక్కరికీ విడివిడిగా పట్టుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. ముగ్గురికి దొరికి నాలుగోవారికి దొరక్కపోవచ్చు. ముందుగానే ఇంట్లో మాట్లాడుకుని, రాత్రి పదకొండున్నర దాకా నాలుగోది రాకపోతే దొరికిన మూడూ రద్దు చేస్తాం అని ఒక గడువు పెట్టుకోండి. అలా అనుకోకపోతే, తెల్లారాక ఎవరూ వెళ్లకుండా మూడు నో-షోలు మిగులుతాయి.

అడుగు 6: రకరకాల పాస్‌లతో కలిసి వెళ్లడం

అమ్మానాన్నలకు ఒక రకం పాస్, పిల్లలకు మరో రకం, ఊరి నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్యలకు ఒకరోజు టికెట్టు: ఇలాంటి బృందమే ఎక్కువ ఇబ్బంది పడుతుంది. ఒక్కో పాస్ క్యాలెండర్ వేరు, టికెట్ క్యాలెండర్ వేరు. అందరికీ సరిపోయే తేదీ వాటన్నిటి మధ్య కలిసే చోట ఉంటుంది.

వరుస ఇలా ఉండాలి. అన్నిటికంటే ఎక్కువ బ్లాకౌట్‌లు ఉన్న పాస్‌కు ఏ తేదీలు దొరుకుతాయో ముందు చూడండి, వాటిలో ఒకటి బుక్ చేయండి. తర్వాత దానికంటే పై రకం పాస్‌లు. అన్నీ కుదిరాకే ఒకరోజు టికెట్లు కొనండి. టికెట్లు ముందు కొనేసి, తర్వాత పాస్‌లకు తేదీ దొరక్కపోతే, చుట్టాలను గేటు దగ్గర దింపి మీరు బయట కూర్చోవాల్సి వస్తుంది. బుకింగ్‌లన్నీ ఒకేసారి కూర్చుని, పది నిమిషాల్లో ముగించండి. మధ్యలో విరామం ఇస్తే చివరివారి దగ్గర ఆగిపోతుంది.

అడుగు 7: రద్దు, నో-షో లెక్క

గడువు ముందురోజు రాత్రి 11:59, అదీ పసిఫిక్ సమయం. న్యూజెర్సీలో ఉన్నవారికి అది మర్నాడు తెల్లవారుజామున 2:59, టెక్సస్‌లో చాలాచోట్ల 1:59. ప్రయాణంలో ఉన్నప్పుడు రోజు లెక్క తప్పేది ఇక్కడే.

ఏ 90 రోజుల వ్యవధిలోనైనా మూడు నో-షోలు పడితే 30 రోజుల పాటు కొత్త రిజర్వేషన్లు చేయనివ్వరు. ఈ 90 రోజులు జనవరి ఒకటిన మొదలయ్యే లెక్క కాదు, రోజుతోపాటు కదులుతూ ఉంటాయి. జనవరి 10న ఒకటి, ఫిబ్రవరి 14న ఒకటి, మార్చి 30న ఒకటి అనుకోండి: మొదటిదానికీ మూడోదానికీ మధ్య 79 రోజులు, శిక్ష పడుతుంది. మూడోది ఏప్రిల్ 15న అయితే 95 రోజులు అవుతుంది, జనవరిది లెక్కలోంచి జారిపోతుంది. ఒక నో-షో పడిన రోజును రాసి పెట్టుకోండి. రెండోది పడ్డాక మాత్రం 90 రోజులు గడిచేదాకా అనుమానంగా ఉన్న ఏ తేదీనీ ఉంచుకోవద్దు.

లెక్క మనిషి మనిషికీ విడివిడిగా ఉంటుంది. జ్వరం వచ్చి ఒక పిల్లవాడు ఇంట్లో ఉండిపోతే ఆ ఒక్కడి రిజర్వేషన్ రద్దు చేయాలి. చాలామంది ‘మిగతావాళ్లం వెళ్తున్నాం కదా’ అని వదిలేస్తారు, నో-షో ఆ పిల్లవాడి పాస్ మీద పడుతుంది. మొత్తం బృందానిది రద్దు కాకుండా ఒక్క పేరే ఎంచుకున్నారో లేదో నొక్కేముందు చూసుకోండి.

ప్రతి రిజర్వేషన్‌కూ ముందురోజు రాత్రి తొమ్మిదికి అలారం పెట్టుకోవడం సరిపోతుంది. అలారం మోగగానే ఒకటే ప్రశ్న: రేపు వెళ్తున్నామా? కచ్చితంగా అవును అనలేకపోతే రద్దు చేయండి. అలా వదిలిన స్థానం ఆ రాత్రే మరో ఇంటివాళ్లకు దొరుకుతుంది.

అడుగు 8: వెళ్లే రోజు

పొద్దున బయల్దేరే ముందు యాప్ తెరిచి తేదీ, పార్కు, పేర్లు చూసుకోండి. పక్క శనివారానికి బుక్ చేసి ఈ శనివారం బయల్దేరిన వాళ్లు ప్రతివారం గేటు దగ్గర కనిపిస్తారు. ఫొటో గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. మొదటిసారి పాస్ స్కాన్ చేసినప్పుడు ఫొటో తీస్తారు, ఇకపై ఆ ఫొటోతో పోల్చి లోపలికి పంపుతారు. అందుకే పాస్ ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. ఫోన్ ఛార్జ్ అయిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి బృందంలో కనీసం ఇద్దరి ఫోన్లలో అందరి పాస్‌లూ ఉండేలా చూడండి.

క్యూ తగ్గించే లైట్నింగ్ లేన్ సదుపాయం పాస్‌లో భాగం కాదు, విడిగా కొనాలి. రిజర్వేషన్ ఉంది కదా, రైడ్‌కు కూడా స్థానం ఉన్నట్టే అనుకోకండి. రిజర్వేషన్ పార్కు గేటు వరకే.

రిజర్వేషన్ లేదని గేటు దగ్గరే తెలిస్తే, అక్కడే పక్కకు జరిగి అదే రోజుకు వెతకండి. మామూలు పనిదినాల్లో దొరికే అవకాశం ఉంది. దొరక్కపోయినా పక్కనే ఉన్న డౌన్‌టౌన్ డిస్నీలోకి టికెట్టూ, రిజర్వేషనూ లేకుండా వెళ్లొచ్చు. తిండి, దుకాణాలు అక్కడ ఉంటాయి.

ఫ్లోరిడాకు వెళ్తే నియమాలు మారతాయి

ఓర్లాండో దగ్గరి వాల్ట్ డిస్నీ వరల్డ్ వేరే పాస్, వేరే యాప్, వేరే లెక్క. కాలిఫోర్నియా మ్యాజిక్ కీ అక్కడ చెల్లదు. అక్కడ నాలుగు రకాలు 2021 సెప్టెంబరు 8న వచ్చాయి: పిక్సీ డస్ట్, పైరేట్, సోర్సరర్, ఇన్‌క్రెడి-పాస్. మొదటి రెండూ ఫ్లోరిడా వాసులకే. సోర్సరర్ ఫ్లోరిడా వాసులకూ, డిస్నీ వెకేషన్ క్లబ్ (డిస్నీ వసతుల్లో వాటా కొనుక్కునే పథకం) సభ్యులకూ. బయటి రాష్ట్రాల వారు కొనగలిగేది ఇన్‌క్రెడి-పాస్ ఒక్కటే. హోల్డ్‌లు వరుసగా మూడు, నాలుగు, ఐదు, ఐదు. డిస్నీ హోటల్లో బస చేసే పాస్‌దారులు ఆ బస రోజులకు ఈ పరిమితికి మించి కూడా రిజర్వ్ చేసుకోవచ్చు.

సడలింపులు అక్కడ ఎక్కువ. 2023 ఏప్రిల్ 18 నుంచి మధ్యాహ్నం రెండు దాటాక పాస్‌దారులు రిజర్వేషన్ లేకుండానే వెళ్లొచ్చు, శని, ఆదివారాల్లో అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు మాత్రం తప్ప. 2024 జనవరి 9 నుంచి తేదీ వేసి అమ్మే మామూలు టికెట్లకు రిజర్వేషన్ తీసేశారు. పాస్‌దారులకు ‘గుడ్ టు గో’ అని ప్రకటించిన రోజుల్లో రోజంతా రిజర్వేషన్ అక్కర్లేదు. ఫ్లోరిడాలో అలవాటు పడి, రెండు గంటలకు అనహైమ్ గేటు దగ్గర నిలబడితే ఆ సడలింపు ఇక్కడ పనిచేయదు. రెండు రిసార్ట్‌లకూ వెళ్లేవారు ఈ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి.

గడువు దగ్గరపడినప్పుడు

పాస్ ముగిసే తేదీ దాటిన రోజులకు రిజర్వేషన్ ఇవ్వరు. విండో 90 రోజులు కాబట్టి, గడువుకు మూడు నెలల ముందు నుంచే మీ క్యాలెండర్ చివర కుంచించుకుపోతూ వస్తుంది. యాప్ పాడైందేమోనని చాలామంది కంగారు పడతారు, అది పాస్ గడువు గోడ. ముఖ్యమైన పండగ తేదీ ఆ గోడకు అవతల ఉంటే, రెన్యువల్ అవకాశం తెరుచుకున్న రోజునే చేయించుకోవడం లాభం.

రెన్యువల్ ఆలస్యం చేసి, గడువు పూర్తిగా పోనిచ్చి, తర్వాత కొత్తగా కొందాం అనుకోవడం సాహసం. ఫ్లోరిడాలో 2021 నవంబరులో పిక్సీ డస్ట్ తప్ప మిగతా పాస్‌ల కొత్త అమ్మకం ఆపేశారు, తిరిగి మొదలైంది 2023 ఏప్రిల్ 20న. ఆ ఏడాదిన్నరలో పాత పాస్ ఉన్నవాళ్లు రెన్యువల్ చేసుకోగలిగారు, పాస్ వదులుకున్నవాళ్లు ఎదురుచూశారు.

నిర్ణయించే ముందు గత ఏడాది సందర్శనలు లెక్కపెట్టండి, అడుగు 1లో రాసుకున్న కాగితం పక్కన పెట్టి పోల్చండి. అనుకున్న దానిలో సగమే వెళ్లి ఉంటే, ఎందుకు వెళ్లలేకపోయారో చూడండి. మీకే తీరిక దొరకలేదంటే కింది రకం పాస్ చాలు. తీరిక ఉండి బ్లాకౌట్లు అడ్డొస్తే పై రకం అవసరం. బ్లాకౌట్ లేని రోజుల్లోనే స్థానం దొరకలేదంటే మాత్రం పై రకానికి డబ్బు పెట్టే ముందు దాని లభ్యత క్యాలెండర్‌ను మళ్లీ రెండు వారాలు గమనించండి. అక్కడా అవే శనివారాలు నిండి ఉంటే, అదనపు డబ్బుతో ఆ శనివారాలు రావు. రెన్యువల్ చేశాక కొత్త గడువు తేదీ యాప్‌లో కనిపించేదాకా ఆగి, కనిపించగానే గోడకు అవతల ఆగిపోయిన తేదీని బుక్ చేయండి.